మోటారుబండి గేరు ఏల మొరాయించును?

నిరుడు డిశంబరు మాసమున మన విద్యార్థులు అరకు లోయకు విహారయాత్ర వెడలుటకు ఏర్పాటులు జరుగుచుండెను. ఇంక ఎనిమిది దినములు మాత్రమే గడువుండగా మన పాఠశాల చిన్నబస్సు గేరు మొరాయించినది. పదునాలుగు సంవత్సరములుగా ఆ బస్సును నడుపుచున్న డ్రైవరుగారు జ్వరముచే సెలవులో నుండిరి. వారికి బదులుగా వచ్చిన యువకుడు ఉదయమున బస్సును వెనుకకు తీయబోగా, ఱంపముతో ఇనుమును కోసినట్టి ధ్వని వెలువడెను. అతడు క్రిందికి దిగి, "ముసలాయన గేర్‌బాక్సు అరగదీసేశాడండి, పళ్లన్నీ పోయుంటాయి" అనెను. షెడ్డునుండి పిలిపించిన మెకానిక్కును అదే మాట చెప్పి, గేరుపెట్టెను దింపి విప్పవలెననియు, పది దినములు పట్టుననియు, ముప్పది వేల రూపాయలకు తక్కువ కాదనియు లెక్క వేసెను. యాత్ర పోయినట్లే యని బాలురు ముఖములు వ్రేలవేసిరి. అంతకంటె విచారకరమైన సంగతి మఱొకటి కలదు. డ్రైవరుగారి అజాగ్రత్తచే బండి చెడినదనియు, ఈ వయస్సున వారిని ఇంక ఉంచుట తగదనియు నొక మాట పుట్టి, మధ్యాహ్నమునకెల్ల అందఱి నోళ్లను నలిగెను.

విద్యార్థులారా, "గేరు పడుట లేదు" అను మాట రోగి వైద్యునితో "కడుపునొప్పి" అని చెప్పినట్టిది. నొప్పి తెలియుచోటు వేఱు, దానికి మూలమైన చోటు వేఱు కావచ్చును. గేరుకఱ్ఱ చేతికి ఎదురు తిరిగినంతనే దోషము గేరుపెట్టెయందే కలదని నిశ్చయించుట తొందరపాటు. పెక్కుసార్లు ఆ దోషము గేరుపెట్టెకు ముందున్న క్లచ్చియందుండును. దానిని పెట్టె విప్పకయే కనుగొనవచ్చును. ఎట్లు కనుగొనవలెనో తెలియుటకు ముందు ఈ రెండును చేయు పని యేమో కొంచెము తెలిసికొనుడు.

ఎద్దు నిలుచున్నచోటినుండియే బండిని లాగగలదు. ఇంజనుకు ఆ శక్తి లేదు. అది నిమిషమునకు ఆఱేడు వందల చుట్లయినను తిరుగుచుండినగాని బ్రదుకదు. తిరుగుచున్న ఇంజనును నిలిచియున్న చక్రములతో ఒక్కమాఱుగ కలిపినచో, ఇంజను ఆగిపోవును. లేదా బండి కుప్పించి దూకును. కావున వీనిని మెల్లమెల్లగ కలుపుటకును, వలసినపుడు విడదీయుటకును నడుమ నొక సాధనము కావలెను. అదియే క్లచ్చి. ఇంజను చివర ఫ్లైవీలు అను బరువైన ఇనుప చక్రము బిగింపబడి యుండును. దాని కెదురుగ ప్రెషరు ప్లేటు అను మఱొక పళ్లెము. ఈ రెండింటి నడుమ, ఇరుప్రక్కల గరుకైన పూతగల పలుచని క్లచ్చి ప్లేటు. ఈ నడిమి ప్లేటు గేరుపెట్టెలోనికి పోవు ఇరుసునకు తొడుగబడి యుండును. బలమైన స్ప్రింగు మూడింటిని అదిమిపట్టగా మూడును కలిసి తిరుగును. పెడలు తొక్కినచో ఆ యదుము తొలగి, నడిమి ప్లేటు వదులగును. పెడలు తొక్కినపుడు ఇంజను కలియుననుకొనువారు ప్రతి తరగతియందును కొందఱుందురు. నిజము దానికి విపర్యాసము.

కాలి బలము క్లచ్చిని చేరుటకు కొన్ని బండ్లలో తీగ యుండును. మఱికొన్నింటిలో నూనె యుండును. మన బస్సు రెండవ జాతిది. పెడలు క్రింద మాస్టరు సిలిండరు, గేరుపెట్టె ప్రక్కను స్లేవు సిలిండరు, రెంటిని కలుపు సన్నని గొట్టము, గొట్టము నిండ బ్రేకు ఆయిలు. ఒకచోట నొక్కినచో ద్రవము ఆ యొత్తిడిని అంతటికిని సమానముగ అందించునని మీరు పాస్కలు నియమములో చదివితిరి. పరీక్షకొఱకు చదివిన ఆ వాక్యము మన బస్సు క్రింద దినమున కెన్ని వందలమాఱులో పనిచేయుచున్నది.

ఇక గేరు. బండి కదలునపుడు బలము ఎక్కువ కావలెను, వేగమక్కఱలేదు. సమతలమున పరుగెత్తునపుడు వేగము కావలెను, బలము కొంచెము చాలును. పళ్ల చక్రములను మార్చి మార్చి ఈ రెంటిని సాధింతురు. నేటి బండ్లలో ముందుకు పోవు గేర్ల పళ్లు ఎల్లప్పుడును ఒండొంటితో కలిసియే యుండును. మనము కఱ్ఱను కదపునపుడు ఒక తొడుగు జరిగి, కోరిన చక్రమును ఇరుసుతో బంధించును. అయితే చక్రపు వేగమును ఇరుసు వేగమును సమానము కానిచో ఆ బంధము కుదురదు; కఱకఱమని రాపిడి కలుగును. పూర్వకాలపు డ్రైవర్లు దీనికై క్లచ్చిని రెండుమాఱులు తొక్కి, నడుమ ఇంజను వేగమును సరిచేసి గేరు వేయుచుండిరి. మనవారు దీనినే డబుల్ క్లచ్చి యందురు. 1928లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీవారు ఈ శ్రమను తప్పించు సింక్రోమెష్ అను ఏర్పాటును తమ కార్లయందు ప్రవేశపెట్టిరి. తొడుగునకును చక్రమునకును నడుమ నొక చిన్న ఉంగరము ముందుగ ఒరసికొని, రెంటి వేగమును సమానము చేసిన పిదపనే తొడుగును పోనిచ్చును.

ఇక్కడనే అసలు కీలకమున్నది. ఆ చిన్న ఉంగరము క్లచ్చి ప్లేటును, ఒక ఇరుసును, కొన్ని చక్రములను మాత్రమే ఆపగలదు. ఇంజను నంతటిని ఆపజాలదు. పెడలు తొక్కినను క్లచ్చి పూర్తిగ విడువనిచో, ఇంజను వెనుకనుండి త్రిప్పుచునే యుండును, ఉంగరము ఓడిపోవును, గేరు పడదు. ఇక వెనుక గేరునకు చాల బండ్లలో ఈ ఉంగరమే లేదు. కావున క్లచ్చి విడువమి మొదట వెనుక గేరునందే కఱకఱమని బయటపడును.

ఇంత తెలిసియు నేను మొదట పొరపడితిని. గేరుపెట్టెలో నూనె తగ్గియుండునని తలచి, ఒక డబ్బా కొనిపించితిని. చూడగా నూనె సరిగనే యున్నది. ఆ డబ్బా నేటికిని ప్రయోగశాల బీరువాలో నున్నది. ఆ సాయంకాలము తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు చూచుచుండగా, బస్సును సమతలముపై నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, చేతిబ్రేకు వేయించి, ముందును వెనుకను ఎవరును లేకుండ చేసి పరీక్ష మొదలిడితిమి. పెద్దవారు కూర్చుండినగాని ఈ పని చేయరాదు.

మొదటి పరీక్ష ఇంజను ఆపి చేసినది. కొత్త డ్రైవరు ఒక్కొక్క గేరును వేసి చూచెను. ముందు గేర్లన్నియు మెత్తగ పడినవి. వెనుక గేరును శబ్దము లేక పడినది. అంతట నేను, "పళ్లు విరిగినవే అయితే ఇంజను ఆపినంతనే అతుకుకొనునా?" అని యడిగితిని. అతడు తల గోకికొనెను. ఇంజను ఆగినపుడు కూడ గేరు బిగువుగ నున్నచో కఱ్ఱ క్రింది కీళ్లను, బుష్షులను, గేరుపెట్టెను అనుమానింపవలెను. ఆపినపుడు పడి, నడచుచున్నపుడు పడనిచో క్లచ్చినే మొదట చూడవలెను. ఇల్లు దాటకయే చేయదగిన ఈ యొక్క పరీక్ష అన్నిటిలో విలువైనది.

రెండవది ఇంజను నడచుచుండగా చేసినది. పెడలును అడుగంట తొక్కి పట్టి, పదివఱకు లెక్కించి, తరువాత వెనుక గేరు వేయవలెను. క్లచ్చి సరిగ విడిచినచో ఈలోపల నడిమి ప్లేటు దానంతట నది ఆగిపోవును. గేరు నిశ్శబ్దముగ పడును. మా బస్సు మరల ఱంపపుకోత కోసినది. మూడవది, పెడలును వెంటవెంట మూడుమాఱులు తొక్కి, మూడవమాఱు తొక్కిపట్టి అదే గేరు వేయుమంటిని. చప్పుడు లేక పడినది! ఒక బాలుడు, "మాస్టారూ, బోరింగు పంపులాగా ఉందండీ!" అని యఱచెను. వాని మాట అక్షరాల నిజము. తీగె క్లచ్చియైనచో ఎన్నిమాఱులు తొక్కినను ఒకటే. నూనె క్లచ్చియందు మాటిమాటికి తొక్కినపుడు మేలు కలిగినదనిన, గొట్టములో నూనె తక్కువయైనదనియో గాలి చేరినదనియో అర్థము. నూనె నలుగదు, గాలి నలుగును. కాలి బలము గాలిని నలుపుటకే చెల్లిపోవును.

డబ్బా మూత తీసి చూడగా బ్రేకు ఆయిలు క్రింది గీతకు దిగియుండెను. టార్చిలైటు తీసికొని బస్సు క్రిందికి దూరితిమి. స్లేవు సిలిండరు కొనయందున్న రబ్బరు తొడుగు తడిసి, దుమ్ము అంటుకొని నల్లని ముద్దయై యుండెను. లోపలి రబ్బరు కప్పు అరిగి నూనె కారుచున్నదని తేలినది.

అయినను ఒక సందేహము మిగిలినది. ఇట్టి దోషము ఒక్క రాత్రిలో పుట్టదు. మఱి డ్రైవరుగారికి తెలియకుండునా? మఱునాడు వారి యింటికి పోయితిని. వారు మంచముపై లేచి కూర్చుండి, "నన్నెప్పుడూ గేరు ఇబ్బంది పెట్టలేదు మాస్టారూ. దేవుడి తోడు" అనిరి. ఏ విధముగ గేరు వేయుదురో చూపుమంటిని. గాలిలో చేయి కఱ్ఱవలె పట్టి, ఎడమకాలితో నేలను ఠపఠపమని రెండుమాఱులు తొక్కి, మూడవమాఱు తొక్కిపట్టిరి. నేను నవ్వితిని, వారికి కారణము తెలియలేదు. వారు తొలుత లారీలు నడిపినవారు. పరుగులో నుండగా డబుల్ క్లచ్చితో ఇంజను వేగమును చెవితోనే సరిపోల్చి గేరు వేయుదురు. వేగములు కుదిరినపుడు క్లచ్చి సగము విడిచినను గేరు పడును. ఆగియున్నపుడు పెడలును పలుమాఱులు తొక్కు అలవాటు నెలనెలకు తెలియకయే పెరిగినది. వారి నేర్పే దోషమును కప్పిపుచ్చినది. నేర్పు తక్కువైన కాలు సోకగానే అది బయటపడినది. మంచి పనివాని చేతిలోని పనిముట్టును అప్పుడప్పుడు కొత్తవాని చేతికిచ్చి చూడవలెనని నాకప్పుడు తోచినది.

రబ్బరు కప్పుల జత ఖరీదు కొన్ని వందల రూపాయలు. మెకానిక్కు దానిని మార్చి, ఒకరు పెడలు తొక్కుచుండ క్రిందనున్న మఱ సడలించి గాలి తీసి, పాత నూనెను పోగొట్టి కొత్తది నింపెను. మూడు గంటల పని. అతడు మోసగాడని నేననను. శబ్దము విని నిర్ణయించెను, పరీక్షింపలేదు, అంతియే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. కావున రెండేండ్ల కొకమాఱు మార్చుట మంచిది. అది తక్కువైనదని ఇంజనునూనె పోయుట మహాపరాధము. రబ్బరులన్నియు ఉబ్బి చెడిపోవును.

క్లచ్చి విడువమికి విరుద్ధమైన రోగము క్లచ్చి జాఱుట. మీలో కొందఱి తండ్రులకు ట్రాక్టర్లును ఆటోలును కలవు గనుక దీనిని కూడ చెప్పెదను. ఎత్తు ఎక్కునపుడు ఇంజను ధ్వని హెచ్చుచు బండి వేగము మాత్రము హెచ్చనిచో, కాలిన వాసన వచ్చినచో, నడిమి ప్లేటు పట్టు తప్పి జాఱుచున్నదని తెలియవలెను. ప్లేటు పూత అరుగుట, దానిపై ఇంజనునూనె పడుట, తీగ మిక్కిలి బిగియుట దీనికి కారణములు. తీగ వదులైన క్లచ్చి విడువదు, బిగువైన పట్టదు. చెప్పు వదులైనను బిగువైనను నడక చెడునట్లే. పెడలు పైభాగమున కొంచెము దూరము తేలికగ కదలవలెను. ఎంతయో ఆ బండి పుస్తకమున వ్రాసియుందురు. జాఱుటను పరీక్షించుటకు, చేతిబ్రేకు గట్టిగ వేసి, పై గేరునందుంచి, పెడలును మెల్లగ విడువవలెను. ఇంజను ఆగిపోయినచో క్లచ్చి మంచిది. ఆగక తిరుగుచుండినచో జాఱుచున్నది. ఇది ఒక్కమాఱు చేసిన చాలును. మాటిమాటికి చేసిన పరీక్షయే క్లచ్చిని కాల్చివేయును. పెడలుపై కాలు ఆనించి నడుపువారును, ఎత్తుపై బ్రేకు వేయక సగము క్లచ్చిపై బండిని నిలుపువారును ప్లేటును తమ చేతులార అరగదీయుచున్నారు.

చెవియు మంచి వైద్యుడే. గేరు వేయక ఇంజను నడపుచు వినుడు. పెడలు తొక్కినపుడు కీచుమను ధ్వని పుట్టి, విడిచినపుడు పోయినచో రిలీజు బేరింగును చూడవలెను. విడిచినపుడు గరగర వినబడి, తొక్కినపుడు పోయినచో గేరుపెట్టె ముందు బేరింగును చూడవలెను. తొక్కినపుడు ఆ ఇరుసు ఆగుటయే ఇందుకు కారణము. అన్ని గేర్లును బాగుండి ఒక్క రెండవ గేరే కఱకఱమన్నచో దాని ఉంగరము అరిగినది. వేసిన గేరు తనంతట తాను ఊడివచ్చుచున్నచో అప్పుడు పెట్టెను విప్పవలసినదే, డబ్బునకు వెనుదీయరాదు.

యాత్ర అనుకొన్న దినముననే జరిగినది. డ్రైవరుగారే నడిపిరి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కితిమి. బొఱ్ఱా గుహలు చూచితిమి. తిరుగుప్రయాణమునందు నేను వారి ప్రక్క కూర్చుంటిని. ఘాటు దిగునపుడు క్రింది గేరులో నుండి ఇంజను చేతనే బండిని పట్టి దింపవలెను. ఎడతెగక బ్రేకులనే త్రొక్కినచో అవి కాగి పట్టు తప్పును. అట్టిచోట గేరు పడకపోయిన ఏమగునో నలువది మంది పిల్లలు వెనుక పాటలు పాడుచుండగా తలచుకొనుటకు నాకు ధైర్యము చాలలేదు. మొదటి మలుపున వారి ఎడమకాలు అలవాటుగ మూడుమాఱులు తొక్కినది. రెండవ మలుపున నా వంక చూచి, ఒక్కమాఱు మాత్రమే తొక్కిరి. గేరు చప్పుడు లేక పడినది.