పాత ట్రాక్టరు స్టార్టు కాకున్నచో ముందు చూడవలసినవి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతములలో సేద్యము చాలవరకు వానమీద ఆధారపడినది. కంది, పత్తి, సజ్జ, ఆముదము విత్తువారికి పదును నిలుచు దినములు కొద్ది. రాత్రి మంచి వాన కురిసి, తెల్లవారి గొర్రు తగిలించి తాళము త్రిప్పగా ట్రాక్టరు పలుకకపోయిన, ఆ రైతు ఆరాటము మీకు చెప్పనక్కరలేదు. పట్టణమునుండి మెకానిక్కు వచ్చుసరికి పదును ఆరిపోవచ్చును. అయితే పాత ట్రాక్టరులో స్టార్టింగు చిక్కులు అనేకము రైతు స్వయముగా, ఒక స్పానరు, ఒక గుడ్డపేలిక ఉన్న సవరించుకొనదగినవే.

మీ ఇంట ఉన్నది పాత మాసీ ఫెర్గూసన్ కావచ్చును, మహీంద్రా బి-275 కావచ్చును, హెచ్.ఎం.టి. కావచ్చును. హెచ్.ఎం.టి. వారు 1971లో పింజోరులో ట్రాక్టర్ల తయారీ ప్రారంభించిరి. ఆ విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. బండి ఏదైనను ఇంజను సూత్రము ఒక్కటే. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని పిస్టను గట్టిగా అదుముటచే ఆ గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలో సన్నని తుంపరగా పడిన డీజిలు తానే మండును. కనుక ఇంజను తగిన వేగముతో తిరుగవలెను, గాలి నిండుగా అందవలెను, డీజిలు చేరవలెను. ఈ మూటిలో ఏది లోపించినదో ముందు కనిపెట్టుడు. అది తెలియకుండ బ్యాటరీ కొని, స్టార్టరు విప్పించి, చివరకు ఒక రాగి వాషరు దగ్గర దోషము కనుగొన్నవారు పలువురు.

తాళము త్రిప్పినపుడు "టిక్కు"మని ఊరకున్నను, నీరసముగా తిరిగినను బ్యాటరీ వైపు చూడుడు. దీపము వేసి స్టార్టు నొక్కుడు. దీపము పూర్తిగా మసకబారిన బ్యాటరీ దిగినదనియో, తీగెల బిగింపు వదులైనదనియో అర్థము. బ్యాటరీ కొనలమీద తెల్లగా, పచ్చగా పేరుకొను పొక్కు కరెంటును అడ్డగించును. మొదట చాసిసుకు బిగించిన తీగెను ఊడదీయుడు. తిరిగి బిగించునపుడు దానిని చివర బిగించుడు. తినేసోడా కలిపిన వేడినీటితో కొనలను కడిగి, మెరయునట్లు గీకి, గట్టిగా బిగించి, పైన వాసెలిను పూయుడు. బ్యాటరీ మూతలలోనికి సోడానీరు పోరాదు. చాసిసువద్ద తుప్పును గూడ గీకవలెను. దీనిని చాలమంది మరచెదరు.

ఈ ప్రాంతపు ఎండలకు బ్యాటరీలోని నీరు త్వరగా తగ్గును. బోరునీరు పోయకుడు. మన బోరునీటిలోని లవణములు పలకలను చెరచును. డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను, ఆసిడు పోయరాదు. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీలో హైడ్రోమీటరు 1.250 నుండి 1.280 వరకు చూపును. 1.200కు దిగిన ఛార్జి చేయించవలెను. ఒక గదిలో మాత్రమే అంకె బాగుగా తక్కువైనచో ఆ బ్యాటరీ కాలము తీరినదే. హైడ్రోమీటరు పెద్ద ఖరీదైన వస్తువు కాదు. గ్రామాధికారులు ఊరికి ఒకటి తెప్పించి ఉంచిన అందరికి ఉపయోగపడును.

ఇచట ఒక హెచ్చరిక. నేలమీద నిలుచుండి, స్క్రూడ్రైవరుతో స్టార్టరు కొనలను కలిపి ఇంజను లేపు అలవాటు కొందరికి ఉన్నది. గేరు పడియున్న బండి ఇంజను అందుకొన్నంతనే ముందుకు ఉరుకును; నిలిచినవాడు పెద్దచక్రము క్రిందనే ఉండును. ఈ విధముగ ప్రాణములు పోయినవి. గేరు న్యూట్రలులో ఉంచి, కుర్చీలో కూర్చుండియే స్టార్టు చేయుడు. పది సెకన్లకు మించి ఒకేసారి త్రిప్పక, మధ్య ఒక నిమిషము ఆగిన స్టార్టరు కాలిపోదు.

ఇంజను చురుకుగా తిరుగుచున్నను పొగగొట్టమునుండి పొగ ఏమియు రానిచో డీజిలు చేరుటలేదు. ముందుగా ఇంజను ఆపు మీట పూర్తిగా లోనికి ఉన్నదా చూడుడు. నవ్వకుడు, అనుభవజ్ఞులును దీనివద్ద మోసపోయెదరు. తరువాత ట్యాంకి, దాని కాకు, ఫిల్టరు చూడుడు. ట్యాంకి ఒకసారి ఎండిపోయినను, ఫిల్టరు మార్చినను పైపులలో గాలి చిక్కును. దానిని తీయు విధము ఇది. ఫిల్టరుపైనున్న గాలిమరను కొద్దిగా వదలించి, ఫీడు పంపు చేతిమీటను కొట్టుచుండుడు. మొదట నురుగు, బుడగలు వచ్చును. బుడగలేని ధార వచ్చిన పిమ్మట మరను బిగించుడు. రెండు ఫిల్టరులున్న ట్యాంకికి దగ్గరిదానితో మొదలిడి, ఆపై ఇంజెక్షను పంపుమీది మరవద్ద అట్లే చేయుడు. చివరకు ఇంజెక్టరుల పైపు నట్లను అరచుట్టు వదలించి స్టార్టరు త్రిప్పగా డీజిలు చిమ్మును, అపుడు బిగించుడు. ఆ నట్లకు దగ్గరగా చేయిగాని, మొగముగాని పెట్టరాదు. అంత ఒత్తిడితో చిమ్ము డీజిలు చర్మములోనికి దూరును. అట్లు దూరిన, గాయము చిన్నదైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గాలి తీసిన మరునాడే మరల చిక్కిన, ట్యాంకికి, ఫీడు పంపుకు నడుమ ఎక్కడనో గాలి దూరుచున్నది. అచట డీజిలు కారకయే గాలి లోనికి పీల్చబడవచ్చును గనుక కంటికి తడి కనబడదు. పైపు విప్పిన ప్రతిసారి రాగి వాషరులు కొత్తవి వేయుడు. డీజిలులో నీరున్నను ఇదే అవస్థ. సాయంత్రము పని ముగియగనే ట్యాంకి నింపిన, రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. డ్రమ్ములో నిలువచేసిన డీజిలును అట్టడుగువరకు తోడరాదు.

తెల్లని పొగ వచ్చియు ఇంజను అందుకొననిచో డీజిలు చేరుచున్నది, వేడి చాలుటలేదు. నల్లమల దిగువ పల్లెలలో మార్గశిర, పుష్య మాసముల ఉదయములందు ఇది సహజము. హీటరు గల బండిలో దానిని పదిహేను, ఇరవై సెకన్లు నొక్కి పట్టి త్రిప్పుడు. గాలిగొట్టములోనికి పెట్రోలు, ఈథరు పోయుట మానుడు; హీటరు తగిలి భగ్గుమనును, పిస్టను పగులును. నల్లపొగ వచ్చిన గాలి ఫిల్టరు మూసికొన్నదని తలపవలెను. ఎర్రమట్టి దుమ్ములో పనిచేయు దినములలో నూనెగిన్నె ప్రతిదినము చూచి, మురికి అడుగున చేరగనే కడిగి, గీతవరకు మాత్రము కొత్త నూనె పోయుడు.

చల్లగా ఉన్నపుడు లేచి, పనిలో వేడెక్కి ఆపిన తరువాత లేవని బండి కలదు. అరగంట చల్లారిన మరల లేచును. ఇది తరచు ఇంజెక్షను పంపు అరుగుదలకు గుర్తు; వేడికి పలుచబడిన డీజిలు లోపలనే జారిపోవును. దీనిని ఇంటివద్ద విప్పకుడు. పరీక్షాయంత్రమున్న పంపు షాపునకే పంపుడు. బ్రీదరునుండి పొగ దట్టముగా వచ్చుచు నూనె త్రాగుచున్న ఇంజనుకు రింగులు అరిగియుండును. దానికి ఎన్ని బ్యాటరీలు మార్చినను డబ్బు వృథా. అట్టి పనిని వేసవిలోనే చేయించుకొనుడు, తొలకరివరకు ఆగకుడు.

స్వయముగా నేర్చుకొనదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ట్రాక్టరు నడుపుట, మరమ్మతులు అచట నేర్పుదురు.