కల్పిత ప్రమాణపు ఘాతాలు

బీజగణితంలో వర్గం చేసినపుడు -1 వచ్చే సంఖ్యను కల్పిత ప్రమాణం అంటారు. దీనిని "ఐ" అనే గుర్తుతో సూచిస్తారు. అనగా ఐ² = -1. ఏ వాస్తవ సంఖ్యకూ వర్గం ఋణాత్మకం కాదు. అందువలననే 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో ఋణసంఖ్యకు వర్గమూలం లేదని పేర్కొన్నాడు. ఈ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగులోనికి తెచ్చాడు. 1572లో ఇటలీకి చెందిన బొంబెల్లి ఇటువంటి సంఖ్యలతో గణించే నియమాలను ప్రకటించాడు. "ఐ" గుర్తును 1777లో ఆయిలర్ వాడాడు.

ఘాతాల చక్రం

ఐ¹ = ఐ
ఐ² = -1
ఐ³ = ఐ² × ఐ = -ఐ
ఐ⁴ = ఐ² × ఐ² = 1

ఐ⁵ = ఐ⁴ × ఐ = ఐ కనుక, అక్కడినుండి ఈ నాలుగు విలువలే అదే వరుసలో పునరావృతమవుతాయి.

సూక్ష్మీకరించే విధానం

ఘాతాంకాన్ని 4చే భాగించి శేషాన్ని చూడాలి. శేషం 0 అయితే విలువ 1. శేషం 1 అయితే ఐ. 2 అయితే -1. 3 అయితే -ఐ.

ఉదాహరణ: ఐ²⁰¹⁸. 2018 = 4 × 504 + 2. శేషం 2 కనుక విలువ -1. 100ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, పెద్ద ఘాతాంకాలలో చివరి రెండు అంకెలను భాగిస్తే చాలును.

ఋణ ఘాతాంకమైతే, అది ధనాత్మకమయ్యే వరకు 4 యొక్క గుణిజాన్ని కలపాలి. ఉదాహరణకు ఐ⁻⁷లో ఘాతాంకానికి 8 కలిపితే ఐ¹, అనగా ఐ వస్తుంది. అదే విధంగా 1/ఐ = ఐ⁻¹ = ఐ³ = -ఐ.

సాధారణంగా జరిగే పొరపాటు

√-4 × √-9 విలువను √36 = 6 అని వ్రాయడం తప్పు. ముందుగా ప్రతి మూలాన్నీ "ఐ"తో వ్రాయాలి: 2ఐ × 3ఐ = 6ఐ² = -6. మూలాలను కలిపి గుణించే నియమం రెండు సంఖ్యలూ ఋణాత్మకమైనపుడు వర్తించదు.

విద్యుత్ శాస్త్రంలో ఉపయోగం

తలంపై ఒక బిందువును "ఐ"తో గుణిస్తే అది మూలబిందువు చుట్టూ 90 డిగ్రీలు అపసవ్య దిశలో తిరుగుతుంది. నాలుగుసార్లు గుణిస్తే 360 డిగ్రీలు తిరిగి మొదటి స్థానానికే వస్తుంది. 1893లో స్టైన్‌మెట్జ్ ఈ సంఖ్యలతో ఏకాంతర విద్యుత్తును లెక్కించే పద్ధతిని వివరించాడు. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల ఉత్పత్తి అయ్యే 50 హెర్ట్జ్‌ల విద్యుత్తుకు ఇదే లెక్క వర్తిస్తుంది. విద్యుత్ ఇంజనీర్లు "ఐ" అక్షరాన్ని కరెంటుకు వాడతారు కనుక, కల్పిత ప్రమాణాన్ని "జె"గా వ్రాస్తారు.

వ్యవసాయ మోటారులోని తీగచుట్ట వలన కరెంటు వోల్టేజి కంటే వెనుకబడుతుంది. ఈ లెక్కలో "జె" వస్తుంది. దానిని సరిచేయడానికి బిగించే కెపాసిటర్ లెక్కలో 1/జె, అనగా -జె వస్తుంది. ఈ గుర్తును పొరపాటున ధనాత్మకంగా తీసుకుంటే, లైనుపై భారాన్ని తగ్గించే కెపాసిటర్ దానిని పెంచుతున్నట్లు సమాధానం వస్తుంది.