నాగార్జునకొండకు ఒక్కరోజు ట్రిప్: బస్సా, కారా, ప్యాకేజీనా? ముందు చూడాల్సింది లాంచీ టైమే

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. అందుకే ఆదివారం వస్తే చాలామంది కుటుంబాలతో సాగర్ బాట పడతారు. డ్యామ్ చూస్తారు, ఫొటోలు దిగుతారు. తీరా నాగార్జునకొండకు వెళ్దామని లాంచీ స్టేషన్‌కు చేరుకునేసరికి కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒకటే: ‘‘ఆఖరి లాంచీ వెళ్లిపోయింది.’’

మీకు ఆ పరిస్థితి రాకూడదంటే ఏం చేయాలి? బస్సులో వెళ్లాలా, కారులోనా, క్యాబ్ మాట్లాడుకోవాలా, ప్యాకేజీ టూర్ తీసుకోవాలా? ఏది చవక, ఏది నయం? ఒక్కొక్కటిగా చూద్దాం.

కొండకు లాంచీ ఎందుకు?

నాగార్జునకొండ ఒకప్పుడు దీవి కాదు. కృష్ణా లోయలో ఉన్న కొండ. దాని చుట్టూ ఉన్న లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు, శాసనాలు ఇక్కడ బయటపడ్డాయి. 1926లో ఈ స్థలం పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి.

1955 డిసెంబరు 10న సాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. డ్యామ్ పూర్తయితే లోయ మొత్తం మునిగిపోతుంది. అందుకే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు చేశారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైన వాటిని విప్పి, కొన్నింటిని కొండపైన, మరికొన్నింటిని ఒడ్డునే ఉన్న అనుపులో తిరిగి నిర్మించారు. శిల్పాలను, ఇతర వస్తువులను కొండపై కట్టిన మ్యూజియంలో ఉంచారు. నీళ్లు నిండాక కొండ దీవిగా మారింది.

అంటే మీరు హైదరాబాద్ నుంచి ఏ బండిలో వచ్చినా చివరి మజిలీ మాత్రం లాంచీలోనే. ఒకవైపు ప్రయాణానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ట్రిప్పులు రోజుకు కొన్నే ఉంటాయి. మధ్యాహ్నం దాటితే కొండకు వెళ్లే అవకాశం దాదాపు పోయినట్టే.

మొదటి నియమం: లాంచీ నుంచి వెనక్కి లెక్కవేయండి

మామూలుగా మనం ‘‘ఎన్ని గంటలకు బయల్దేరదాం?’’ అని ఆలోచిస్తాం. ఇక్కడ ‘‘ఏ లాంచీ ఎక్కాలి?’’ అన్నది ముందు తేల్చుకోవాలి.

ఉదాహరణకు, మీరు వెళ్లే రోజున 11.30కు ఒక లాంచీ ఉందనుకుందాం. టికెట్ కోసం 10.45కల్లా కౌంటర్ దగ్గర ఉండాలి. బస్సు దిగి, ఆటో పట్టుకుని అక్కడికి చేరడానికి అరగంట వేసుకోండి. అంటే 10.15కు సాగర్‌లో దిగాలి. హైదరాబాద్ నుంచి బస్సుకు దాదాపు 4 గంటలు పడుతుంది. కాబట్టి 6 గంటలకల్లా ఎంజీబీఎస్‌లో బస్సు కదలాలి.

అదే 8 గంటల బస్సు ఎక్కితే సాగర్‌లో దిగేసరికి మధ్యాహ్నం 12. ఆ తర్వాత లాంచీ దొరికితే మీ అదృష్టం. పొద్దున రెండు గంటల నిద్ర కోసం అసలు చూడాల్సిన చోటునే వదులుకున్నట్టవుతుంది.

ఒక విషయం గుర్తుంచుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లోనూ లాంచీ టైము ప్రయాణికుల సంఖ్య, గాలి, నీటిమట్టాన్ని బట్టి మారుతుంటుంది. జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గితే లాంచీలు నడపడం కష్టమవుతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రం పర్యాటక శాఖ కౌంటర్‌కు ఒక ఫోన్ చేసి, ‘‘రేపు కొండకు లాంచీ ఉందా? ఎన్నింటికి? కనీసం ఎంతమంది ఉంటే తీస్తారు?’’ అని మూడు ప్రశ్నలు అడగండి. ఇంటర్నెట్‌లో కనిపించే పాత టైంటేబుల్‌ను నమ్ముకుని బయల్దేరొద్దు.

రెండు ఒడ్లు, రెండు రాష్ట్రాలు

కొత్తగా వెళ్లేవాళ్లు తికమకపడేది ఇక్కడే. డ్యామ్‌కు ఎడమగట్టు తెలంగాణ, కుడిగట్టు ఆంధ్రప్రదేశ్. ఎడమవైపు హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఉంటాయి. కుడివైపు విజయపురి సౌత్ ఉంటుంది. వాహనాలు డ్యామ్ మీదుగా వెళ్లవు. దిగువన ఉన్న వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు దాటాలి.

కొండకు లాంచీలు ప్రధానంగా విజయపురి సౌత్ నుంచి నడుస్తాయి. వీటిని ఏపీ పర్యాటక శాఖ నడుపుతుంది. ఎడమగట్టు నుంచి తెలంగాణ పర్యాటక సంస్థకు కూడా లాంచీలు ఉన్నాయి. కానీ వాటిలో కొన్ని జలాశయంలో కాసేపు తిప్పి తీసుకొచ్చే చిన్న ట్రిప్పులు. టికెట్ తీసుకునే ముందు ‘‘ఇది కొండ దగ్గర దింపుతుందా, లేక తిప్పి తీసుకొస్తుందా?’’ అని తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగక లాంచీ ఎక్కి, కొండ ఎక్కకుండానే తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

1. ఆర్టీసీ బస్సు

ఒకరిద్దరు వెళ్లేటట్టయితే ఇదే చవక. ఎంజీబీఎస్ నుంచి సాగర్‌కు, సాగర్ మీదుగా మాచర్లకు బస్సులు ఉన్నాయి. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా వెళ్తాయి. మీరు విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కాలనుకుంటే మాచర్ల బస్సు నయం. వంతెన దాటాక కుడిగట్టు వైపు దిగి, అక్కడి నుంచి లాంచీ స్టేషన్‌కు ఆటోలో వెళ్లొచ్చు. సాగర్ వరకే వెళ్లే బస్సయితే ఎడమగట్టులోనే దించేస్తుంది. అవతలి ఒడ్డుకు ఆటో మాట్లాడుకోవాలి.

మహిళలకు ఉచిత ప్రయాణం సంగతి ఏంటి? తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తారు. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో వర్తించదు. మాచర్ల వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాష్ట్ర సరిహద్దు వరకే ఉచితం. అక్కడి నుంచి అవతలికి టికెట్ తీసుకోవాలి. కండక్టర్‌కు ఎక్కగానే ఎక్కడ దిగుతారో చెబితే గొడవ ఉండదు.

ఏపీలో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. అక్కడి మహిళలు పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో ఉచితంగా వెళ్లొచ్చు. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఇది వర్తించదు. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రం బస్సులో ఉచితం ఉండదన్నది మర్చిపోవద్దు.

బస్సుతో ఇబ్బంది తిరుగు ప్రయాణంలో వస్తుంది. ఆదివారం సాయంత్రం హైదరాబాద్ బస్సులు కిక్కిరిసి ఉంటాయి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే రిజర్వేషన్ ఉన్న సర్వీసులో ముందే సీట్లు తీసుకోవడం మంచిది. దిగగానే తిరుగు బస్సుల టైము అడిగి రాసుకోండి.

2. సొంత కారు

నలుగురుంటే కారు బాగా కలిసొస్తుంది. రానూపోనూ 300 కిలోమీటర్లు, అక్కడ తిరగడానికి ఇంకో 40 వేసుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండయితే సుమారు 23 లీటర్లు కావాలి. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుంటే 2,500 రూపాయల పైమాటే. నలుగురికి పంచితే తలకు 630 రూపాయలు పడుతుంది. ఇద్దరే అయితే 1,260 దాటుతుంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉండి, వాళ్లకు జీరో టికెట్ వర్తిస్తే బస్సు ఖర్చు సగానికి తగ్గుతుంది. ఆ లెక్క కూడా వేసుకోండి.

కారుతో అసలు లాభం డబ్బు కాదు, సమయం. మూడు, మూడున్నర గంటల్లో చేరుకోవచ్చు. ఆటో కోసం చూడక్కర్లేదు. లాంచీ దిగాక అనుపు, ఎత్తిపోతల కూడా చూసుకుని రావచ్చు. అయితే క్రస్టు గేట్లు ఎత్తిన వారాంతాల్లో మాత్రం జాగ్రత్త. డ్యామ్‌కున్న 26 గేట్ల నుంచి నీళ్లు దూకడం చూడటానికి జనం పోటెత్తుతారు. వంతెన దగ్గర ట్రాఫిక్ గంటల తరబడి ఆగిపోవచ్చు. కొండ చూడాలనుకునేవాళ్లు ఆ రోజులు మానుకోవడమే మేలు.

బైక్ మీద వెళ్లేవాళ్లు కూడా ఎక్కువే. వెళ్లేటప్పుడు హుషారుగానే ఉంటుంది. ఎండలో తిరిగి అలసిపోయాక చీకట్లో 150 కిలోమీటర్లు నడపడం మాత్రం ప్రమాదకరం. బైక్ అయితే సాయంత్రం 4కల్లా వెనుదిరిగేలా చూసుకోండి.

3. క్యాబ్

డ్రైవింగ్ బాధ ఉండదు కానీ ఖర్చు ఎక్కువ. కిలోమీటర్ల లెక్కతో పాటు డ్రైవర్ బత్తా, వెయిటింగ్ కూడా అడుగుతారు. బుక్ చేసేటప్పుడే ‘‘మేం వంతెన దాటి ఏపీ వైపు వెళ్లాలి’’ అని చెప్పండి. ట్యాక్సీకి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ లేకపోతే రాష్ట్రం దాటేటప్పుడు తాత్కాలిక పర్మిట్, పన్ను ఖర్చు వస్తుంది. అది ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోకపోతే సరిహద్దులో వాదన తప్పదు.

4. ప్యాకేజీ టూర్

తెలంగాణ పర్యాటక సంస్థ హైదరాబాద్ నుంచి సాగర్‌కు ఒకరోజు టూర్లు నడుపుతుంటుంది. దారి, ఆటో, తిరుగు బస్సు గురించి ఆలోచించక్కర్లేదు. పెద్దవాళ్లకు ఇది సౌకర్యం. కానీ ‘సాగర్ టూర్’ అన్నంత మాత్రాన నాగార్జునకొండ అందులో ఉన్నట్టు కాదు. డబ్బు కట్టే ముందు అడగాల్సినవి: కొండకు తీసుకెళ్తారా? లాంచీ టికెట్ ధరలో కలిసి ఉందా? లాంచీ రద్దయితే డబ్బు వాపస్ ఇస్తారా? కొండ మీద ఎంతసేపు ఉండనిస్తారు?

రైలు పనికొస్తుందా?

హైదరాబాద్ నుంచి ఒక్కరోజు ప్రయాణానికి పనికిరాదు. సాగర్‌కు దగ్గరి స్టేషన్ మాచర్ల, నడికుడి నుంచి వెళ్లే బ్రాంచి లైను చివర ఉంటుంది. రైలు మారి, మళ్లీ బస్సు ఎక్కేసరికి సగం రోజు పోతుంది.

గుంటూరు, విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు దారి సులువు. నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల వరకు బస్సులు ఉంటాయి. అక్కడి నుంచి విజయపురి సౌత్ పాతిక కిలోమీటర్ల లోపే. వంతెన దాటే పనే లేదు. అయితే మాచర్లలో బస్సు మారడానికి అరగంటైనా అదనంగా వేసుకోండి.

కొండ మీదికి వెళ్లాక

లాంచీ ఎక్కే ముందే తిరుగు లాంచీ టైము కనుక్కోండి. మ్యూజియం టికెట్ వేరు. సమయం తక్కువ ఉంటే ముందు మ్యూజియం చూడండి. ఆ తర్వాత తిరిగి నిర్మించిన కట్టడాలు, స్నానఘట్టం చూస్తూ నడిచి రావచ్చు. నీడ తక్కువ కాబట్టి టోపీ, మంచినీళ్లు, కొంచెం తినడానికి వెంట ఉంచుకోండి. చిల్లర నోట్లు కూడా ఉండాలి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి ఎంతోమంది చనిపోయారు. ఆ ఘటన తర్వాత ఏపీలో బోట్లను ఆపేసి, నిబంధనలు కఠినం చేశారు. లైఫ్ జాకెట్ ఇస్తే ఉక్కపోస్తుందని పక్కన పెట్టకండి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. లాంచీ తప్పిపోయిందని చేపల పడవ మాట్లాడుకుని వెళ్లే సాహసం అసలే వద్దు.

లాంచీ దొరకకపోతే?

రోజు వృథా అయినట్టు కాదు. కుడిగట్టున అనుపులో లోయ నుంచి తరలించి కట్టిన విహారాలు, మెట్ల వరసలతో ఉన్న ప్రేక్షకశాల ఉన్నాయి. అక్కడికి రోడ్డు మీదే వెళ్లొచ్చు. ఎడమగట్టున 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది. ఇది 2022లో ప్రారంభమైంది. వాటిలో ప్రాచీన కట్టడాలను తరలించి తిరిగి నిర్మించింది అనుపులోనే. సమయం ఒక్కదానికే ఉంటే అటు వెళ్లండి.

మొత్తం మీద ఏది ఎంచుకోవాలి?

- ఒకరిద్దరు: 6 గంటలకల్లా బయల్దేరే మాచర్ల బస్సు.
- నలుగురి కుటుంబం: సొంత కారు, 7 గంటలలోపు బయల్దేరాలి.
- పెద్దవాళ్లు ఉంటే: కొండ కలిసి ఉన్న ప్యాకేజీ, లేదంటే పర్మిట్ ఉన్న క్యాబ్.
- గుంటూరు వైపు నుంచి: మాచర్ల మీదుగా బస్సు.

ఏది ఎంచుకున్నా ముందురోజు సాయంత్రం ఆ ఒక్క ఫోన్ చేయడం మర్చిపోవద్దు. ‘‘రేపు లాంచీ లేదు’’ అన్న మాట వినాల్సి వస్తే, అది 150 కిలోమీటర్లు వెళ్లాక కాకుండా ఇంట్లో ఉండగానే వినడం మంచిది కదా.