అద్దాన్ని కోసే ఇసుక

హుద్‌హుద్ తుఫాను వచ్చిననాటికి మా మనుమరాలికి పది నెలలు. ఆ తేదీ విశాఖపట్నంలో ఎవరిని అడిగినా చెబుతారు: 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటినుంచీ ఒకటే హోరు. పెదవాల్తేరులో మా ఇల్లు పాతకాలపుది. సముద్రంవైపు గదికి మూడు పెద్ద అద్దాల కిటికీలు. వాటిలోంచి ఓ మూలగా సముద్రం కనిపిస్తుందని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపిస్తూండేవాణ్ణి. పిల్ల ఆ గదిలోనే మంచంమీద నిద్రపోతోంది. మా ఆవిడకేం తోచిందో, “ఈ గాలికి పిల్ల ఉలిక్కిపడుతోందండీ” అంటూ ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. అయిదు నిమిషాలు కాలేదు, మధ్య కిటికీ అద్దం తుపాకీ పేలినట్టు పేలింది. గాలి కాస్త తెరిపి ఇచ్చాక వెళ్ళి చూద్దును గదా, మూరెడు పొడుగు అద్దపు ముక్క, కత్తిలాంటిది, పిల్ల పడుకున్నచోట పరుపులో నిలువునా దిగబడి ఉంది.

గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి అది. విమానాశ్రయం పైకప్పే లేచిపోయిందంటే మా కిటికీ ఒక లెక్కా? కాని ఆ పరుపూ ఆ ముక్కా నా కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ తరువాత చాలారోజులు మా కిటికీలకు గోనెపట్టాలే. ఊరు ఊరంతా అద్దాలకోసం ఎగబడింది. చివరకు ఎవరో చెబితే ఒక పెద్దాయన, సైకిలు వెనక గోనెలో చుట్టిన పలకలు నిలబెట్టుకుని నడిపించుకుంటూ వచ్చేడు. వరండాలో దుప్పటి పరిపించేడు. పలకను దానిమీద పడుకోబెట్టి, బద్ద ఆనించి, చిన్న చక్రం ఉన్న కట్టర్ని కిరసనాయిల్లో ముంచి ఒక్క గీత గీసేడు. ‘సుయ్’ మంటూ పట్టుబట్ట చింపినట్టు చప్పుడు. వెంటనే పలక కింద పుల్ల పెట్టి రెండు చేతులా నొక్కేసరికి టక్కున రెండయింది.

“చాలా తేలిగ్గా కోసేవే!” అన్నాను.

“అద్దాన్ని ఎవరూ కొయ్యరు మేస్టారూ. గీసినచోట అదే ఇరుగుతాది. గీత సల్లారిపోతే మాత్రం మన మాట ఇనదు” అన్నాడాయన.

అందులో శాస్త్రం ఉందని తరువాత తెలిసింది. చక్రం చేసేది పైన సన్నటి గాటు మాత్రమే. నొక్కితే ఆ గాటు కిందికి చీలుకుంటూ పోతుంది. ఆలస్యం చేస్తే గాటు మొన మొద్దుబారి, పగులు తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. గట్టిగా నొక్కి గీస్తే బలమని కొత్తవాళ్ళు అనుకుంటారుగాని, గీతలో తెల్లటి పొడి లేచిందంటే పని చెడిందన్నమాటే.

పెద్దాయన వెళ్ళబోతూ ఒక మాట అన్నాడు: “ఈ అద్దాలూ అవేనండి. మళ్ళీ తుఫానొస్తే మళ్ళీ ఇలగే పగుల్తాయి.” నా దగ్గర అప్పుడు అంతకుమించి పెట్టే డబ్బూ లేదు, ఊళ్ళో అంతకుమించి అద్దమూ లేదు.

పదేళ్ళు దాటింది. 2025 వేసవిలో మా కోడలు పట్టు పట్టింది. సముద్రం వైపు కిటికీలకు టఫెండ్ గ్లాసు పెట్టిస్తేగాని పిల్లని ఆ గదిలో పడుకోనివ్వనంది. పిల్ల అప్పటికి పదకొండేళ్ళది. అది మంచం దిగిపోతే చాలునని మేమనుకుంటూంటే ఆ అమ్మాయి కిటికీలు మార్చమంటుంది! కాని కాదనడానికి నోరు రాలేదు. పరుపు సంగతి ఆమెకూ తెలుసు. పనిలో పని, పూజగది తలుపులో శంఖం ఆకారంలో కోసిన అద్దం కావాలంది మా ఆవిడ.

పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళేను. సైకిలు మానేసి చాలాకాలమయిందట. కొడుకు ఆటోనగర్‌లో అద్దాల కర్మాగారం పెట్టేడు, పెద్దాయన అక్కడే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. చేయి కొంచెం వణుకుతోంది. నన్ను గుర్తుపట్టి “కిటికీలేనా మేస్టారూ?” అన్నాడు.

లోపలికి అడుగుపెడితే మరో లోకం. ఓ పెద్ద గది అంత బల్ల. దాని నిండా చిన్నచిన్న రంధ్రాలు. వాటిలోంచి గాలి పైకి చిమ్ముతుంది. నిలువెత్తు అద్దపు పలక ఆ గాలిమీద తేలుతుంది, ఇద్దరు కుర్రాళ్ళు వేలితో తోస్తే చాలు. ఏ పలకలోంచి ఎవరెవరి ముక్కలు ఎలా తీస్తే తుక్కు తక్కువ పోతుందో కంప్యూటరు ముందే లెక్క వేసి బొమ్మ గీస్తుంది. తరువాత పైన వంతెనలాంటి దూలం జరుగుతూ, దానికి తగిలించిన బుల్లిచక్రం గీతలు గీసుకుంటూ పోతుంది. ఆ చక్రం టంగ్‌స్టన్ కార్బైడుది. దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గేను. అదే ‘సుయ్’. పెద్దాయన చేతిలో విన్న చప్పుడే! మనిషి చేతిని అంకెలు ఆడించేటట్టు చేసే ఈ విద్యను అమెరికాలోని ఎం.ఐ.టి. వారు 1952లో లోహం చెక్కే యంత్రంమీద చేసి చూపించేరు. ఇప్పుడు ఆటోనగర్ షెడ్డులో ఇరవై ఏళ్ళ కుర్రాడు చాయ్ తాగుతూ చేస్తున్నాడు.

శంఖం సంగతి వేరు. గీసి విరిచే పద్ధతికి తిన్నని గీతలూ, పెద్ద వంపులూ లొంగుతాయిగాని, శంఖంలోని లోపలి మెలికలు లొంగవు. దానికి ఇంకో యంత్రం ఉంది. అద్దాన్ని నీళ్ళతొట్టిమీద పరిచి, పైనుంచి నీటిధారతో కోస్తారు. నీళ్ళతో అద్దం తెగడమేమిటని నాలాగే మీరూ అనుకుంటారు. ఉత్త నీళ్ళు కావు. సుమారు 4,000 వాతావరణాల ఒత్తిడితో, వెంట్రుకలు నాలుగైదు కలిపినంత సన్నని రంధ్రంలోంచి, ధ్వనికన్న వేగంగా దూకుతాయవి. ఆ రంధ్రం ఉన్న బిళ్ళ నీలంతోనో కెంపుతోనో వజ్రంతోనో చేస్తారు, మరి ఏ లోహమూ ఆ ఒరిపిడికి నిలవదు. కిందికి వచ్చేక ధారలో సన్నని ఇసుక కలుస్తుంది. అసలు కోసేది ఆ ఇసుకే. ఇలా ఇసుక కలిపి కోసే ఉపాయాన్ని 1980 ప్రాంతంలో అమెరికాలో పనిచేస్తున్న మహమ్మద్ హషీష్ అనే ఈజిప్టు ఇంజనీరు కనిపెట్టేడు. మొట్టమొదట దాన్ని వాడింది కూడా మోటారుకారు అద్దాలు కోయడానికే.

ఆ ఇసుకను చేతిలో పోయించుకుని చూసేను. ముదురు ఎరుపు, కొంచెం గులాబి ఛాయ. ఎక్కడో చూసిన రంగు. ఎక్కడో ఏమిటి, రోజూ చూస్తున్నదే! వర్షం వెలిసేక రామకృష్ణా బీచిలోనో, భీమిలి దారిలోనో అల వెనక్కి పోయినచోట ఎర్రటి చారలు పడతాయే, అదే. గార్నెట్ అంటారు. జాతకాలవాళ్ళు ఉంగరంలో పెట్టించుకోమనే గోమేధికం ఈ కుటుంబంలోదే. మన కైలాసగిరి, యారాడకొండ ఖోండలైట్ అనే రాతితో ఏర్పడ్డాయి. ఖోండు జాతివారి పేరు పెట్టిన రాయి అది. దాని కడుపునిండా గార్నెట్ గింజలు. ఎండకూ వానకూ రాయి శిథిలమై, గింజలు వాగుల వెంట సముద్రానికి చేరి, అలలు చెరిగి చెరిగి ఒకచోట పోగుచేస్తాయి. గాజుకన్న అది కఠినం. (భీమిలి ఎర్రమట్టి దిబ్బల ఎరుపు కూడా ఇదేనని కొందరంటారు. కాదు, అది ఇనుపతుప్పు ఎరుపు.)

“అయితే ఇది మన బీచిదేనన్నమాట” అన్నాను సంబరంగా.

పెద్దాయన కొడుకు నవ్వి సంచి తిప్పి చూపించేడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిందది! శ్రీకాకుళం తీరంలో ఈ ఇసుకను తవ్వి వేరుచేసి ఎగుమతి చేసిన రోజులున్నాయి. ఆ ఇసుకలోనే థోరియం ఉన్న మోనజైటూ కలిసి ఉంటుంది గనుక 2019లో ప్రైవేటు వారి చేతినుంచి తవ్వకం తప్పించేరు. తప్పించడం మంచిదే కావచ్చు, తీరం మిగులుతుంది. కాని మన కాళ్ళకింది సరుకు సముద్రాలు దాటి వచ్చి మన ఊళ్ళో అద్దం కోయడం నాకు కాస్త చిత్రంగానే తోచింది.

శంఖం కోయడం మొదలెట్టేరు. ధారను ముందు తగ్గించి మెల్లగా చిల్లు పొడిచి, ఆ తరువాత ఒత్తిడి పెంచుతారు. ఒక్కసారిగా వదిలితే పలక పగులుతుందట. కుర్రాడు కంప్యూటరులో బొమ్మను చూసి, “అమ్మగారు గీసిన కొసలు ఇలా వాడిగా ఉంటే కుదరదండి. గుండ్రం చెయ్యాలి. మూల వాడిగా ఉంటే కొలిమిలో అక్కణ్ణుంచే పగులుతుంది” అన్నాడు. సరేనన్నాను. ఇంటికి వచ్చేక మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది శంఖమా, వంకాయా?” అంది. ఆ మాట నేను కర్మాగారంలో చెప్పలేదు.

ఇక కొలిమి. కోతలు, చిల్లులు, అంచుల సాన అన్నీ అయ్యాకనే పలకను అందులోకి పంపుతారు. పింగాణీ దొర్లుడుకర్రలమీద ముందుకూ వెనక్కూ ఊగుతూ 620 డిగ్రీల సెంటిగ్రేడు దాటేదాకా కాగుతుంది. బయటకు రాగానే పైనుంచీ కిందనుంచీ ఒక్కసారి చల్లగాలి కొడతారు. పైచర్మం ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం నిదానంగా చల్లారుతూ కుంచించుకుని, ఆ చర్మాన్ని నలువైపులా లోపలికి బిగించి పట్టుకుంటుంది. అంచేత మామూలు పలకకన్న నాలుగైదు రెట్లు బలం. ఒకవేళ పగిలినా కత్తుల్లా కాక, పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. నాకు కావలసింది ఆ పలుకులే. ఆ రాత్రి పరుపులో దిగినది పలుకులై రాలి ఉంటే నేనిన్నాళ్ళు ఉలిక్కిపడకపోదును.

(2025లో కైలాసగిరిమీద కట్టిన 55 మీటర్ల గాజు వంతెన ఎక్కినప్పుడు మనుమరాలు, “తాతయ్యా, ఇది పలుకులైతే మన గతేమిటి?” అని అడిగింది. నడిచే అద్దాలను ఒంటి పలకతో వెయ్యరమ్మా, పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, ఒకటి పగిలినా మిగిలినవి పట్టుకుని ఉంటాయని చెప్పేను. చెబుతూ నేనూ కమ్మీ పట్టుకున్నాననుకోండి.)

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. కొలతలు తీసుకోవడానికి మనిషిని పంపుతానన్నాడు పెద్దాయన కొడుకు. ముప్ఫయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, మూడు కిటికీలు కొలవలేనా అన్నాను. ముక్కాలిపీట ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోక, చట్రాల వెడల్పు కిందనే కొలిచి కాగితంమీద పువ్వుల్లాంటి అంకెలు వేసి ఇచ్చేను. పలకలు వచ్చేయి. రెండు కూచున్నాయి. మూడోది, అదే మధ్య కిటికీది, కింద సరిగ్గా దిగి పైన పట్టలేదు. పాత ఇల్లు గదా, చట్రం పైన రెండు నూళ్ళు ఇరుకు. మన వడ్రంగుల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. గాడి ఇంకా తవ్వితే చట్రానికి బలం ఉండదన్నాడు వడ్రంగి.

పలకను ఆటోలో వేయించుకుని మళ్ళీ వెళ్ళేను. “పావంగుళమే గదా, కాస్త కోసి ఇయ్యి బాబూ” అన్నాను. కొడుకు జవాబు చెప్పలేదు. పెద్దాయన లేచి, మూలనున్న టఫెండ్ తుక్కుముక్క ఒకటి గోనెలో చుట్టించి, గోనె మీంచే అంచుమీద సుత్తితో చిన్న దెబ్బ వేయించేడు. విప్పి చూస్తే గుప్పెడు పలుకులు. చక్రం పెట్టినా, ఇసుకధార పెట్టినా ఇంతే. లోపలి బిగువు ఒక్కచోట తెగితే మొత్తం తెగుతుంది. కొలిమి దాటేక దాన్ని సవరించేవాడు ఈ లోకంలో లేడు.

“మిషను మీరిచ్చిన అంకే కోసింది మేస్టారూ. నేనైతే కిటికీని సూసి కోసీవోణ్ణి” అన్నాడు పెద్దాయన. ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్న మాటే అన్నాడు.

మర్నాడు కొడుకు వద్దంటున్నా ఆయనే మా ఇంటికి వచ్చేడు. మనుమరాలిచేత పైనా, నడుమా, కిందా మూడుచోట్ల కొలిపించేడు. మూలనుంచి మూలకు తాడు పట్టించి రెండు వైపులా సరిచూసేడు. అన్నిటిలోనూ చిన్న అంకె తీసుకుని, దానిలోంచి ఒక నూలు తగ్గించి రాయమన్నాడు. చేయి వణుకుతోందని అంకెలు కూడా పిల్లచేతే వేయించేడు. కొత్త పలక వచ్చింది, తలుపు మూసినంత సుళువుగా కూచుంది. దాని ఖరీదు నా పింఛనులోంచే ఇచ్చుకున్నాను. మా కోడలు సగం తనిస్తానంది, నేనే పుచ్చుకోలేదు.

ఆ ఇరుకున పట్టని పలకను పారెయ్యడానికి మనసు రాలేదు. నా రాతబల్లమీద వేయించేను. ఇప్పుడిది రాస్తున్నది దానిమీదే. మొన్న సెలవుల్లో మనుమరాలు బీచినుంచి ఎర్రచారలోని ఇసుక సీసాలో పోసి తెచ్చింది. నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచి వచ్చేసరికి, నిజంగా కోస్తుందో లేదో చూద్దామని కాబోలు, చెక్కముక్కతో ఆ ఇసుకను బల్ల అద్దంమీద రుద్దుతోంది. నన్ను చూసి ఆపేసింది. వంగి చూసేను. కుడిచేతి మూల బెత్తెడు మేర సన్నటి గీతలు పడ్డాయి. “తెగలేదు తాతయ్యా” అంది.