కూరగాయలకూ ఒక పద్దు కావాలి

పేదల తిండికి ప్రభుత్వం సాయం చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ గింజల దగ్గరే ఆగిపోతుంది. కడుపు నిండిందా లేదా అన్నదే లెక్కకు వస్తుంది, కంచంలో అన్నం పక్కన ఏముందన్నది రాదు. తాజా కూరగాయలు, పళ్లు కొనుక్కోవడానికని విడిగా సొమ్మిస్తే పేదలు వాటిని కొంటారనీ, తింటారనీ అమెరికా అనుభవం రుజువు చేసింది. ఆ సొమ్మును నిలకడగా ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా అక్కడే తేలింది.

ఆ దేశంలో పేద కుటుంబాలకు ప్రధాన ఆసరా ‘స్నాప్’ పథకం. సుమారు నాలుగు కోట్ల జనం దాని మీద ఆధారపడతారు. నెలనెలా ఒక కార్డులో డబ్బు జమవుతుంది. సగటున మనిషికి రోజుకు ఆరు డాలర్ల చొప్పున పడుతుంది. ఆ డబ్బుతో నెల గడపాల్సిన తల్లి ముందుగా కడుపు నింపేవీ, నిల్వ ఉండేవీ కొంటుంది. ఆకుకూర రెండు రోజుల్లో వాడిపోతుంది. పిల్లలు ముట్టకపోతే పెట్టిన డబ్బు వృథా. అలాంటి నష్టాన్ని తట్టుకునే వెసులుబాటు ఆ ఇంటికి లేదు. పేదలకు కూరగాయల విలువ తెలియదని చాలామంది తేలిగ్గా అనేస్తారు. తెలియక కాదు, కొని పారేసుకునే స్థోమత లేక కొనరు.

ఈ భయాన్ని తగ్గించడానికే 2009లో డెట్రాయిట్‌లో ‘డబుల్ అప్ ఫుడ్ బక్స్’ మొదలైంది. రైతుల సంతలో స్నాప్ కార్డుతో పది డాలర్లు ఖర్చు పెడితే, ఆ నగరం ఉన్న మిచిగన్ రాష్ట్రంలో పండిన కూరగాయలు, పళ్లు కొనుక్కోవడానికి మరో పది డాలర్ల విలువైన టోకెన్లు చేతికిస్తారు. కొనేవారికి సరుకు సగం ధరకు దొరికినట్టు లెక్క. అమ్మే రైతుకు మాత్రం పూర్తి ధర ముడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చేది ఇదే. పేదవాడికి చవగ్గా ఇవ్వడానికి రైతు గిట్టుబాటును కోయనక్కర్లేదు, మధ్యలోని తేడాను పథకమే భరిస్తుంది.

ఇలా ఇచ్చిన డబ్బు నిజంగా కంచంలోకి చేరుతుందా? మసాచుసెట్స్‌లోని హాంప్‌డెన్ కౌంటీలో 2011 చివరి నుంచి 2012 చివరి వరకు ప్రభుత్వమే దీన్ని పరీక్షించింది. దాదాపు 55,000 స్నాప్ కుటుంబాల్లోంచి లాటరీ పద్ధతిలో 7,500 కుటుంబాలను ఎంచుకుని, కూరగాయలు, పళ్ల మీద పెట్టిన ప్రతి డాలరుకూ 30 సెంట్లు తిరిగి కార్డులో వేశారు. బంగాళాదుంపలకూ, పళ్లరసాలకూ ఈ రాయితీ లేదు. రాయితీ అందని కుటుంబాల వారితో పోలిస్తే, అందిన కుటుంబాల్లోని పెద్దలు ఆ కూరగాయలు, పళ్లు సుమారు 26 శాతం ఎక్కువగా తిన్నారు. ‘ఎలాగూ కొనేవాళ్లకే డబ్బు ముట్టజెబుతున్నారు’ అన్న విమర్శకు ఇది గట్టి జవాబు. అయితే కొనుగోళ్లు ఎక్కువగా సూపర్‌మార్కెట్లలోనే జరిగాయి గనుక, స్థానిక రైతుకు ఎంత మేలు జరిగిందో ఈ పరీక్ష చెప్పదు. ఆ మేలు కావాలంటే డెట్రాయిట్‌లోలా స్థానిక పంటకే అన్న నిబంధన పెట్టుకోవాల్సిందే.

షరతులెందుకు, నగదే ఇచ్చేయవచ్చు కదా అనేవారి మాటలో న్యాయం ఉంది. పేదల మీద పెత్తనం చేయడం తప్పే. కానీ ఇక్కడ ఉన్న సాయంలో కోత పెట్టడం లేదు, దాని పైన అదనంగా ఇస్తున్నారు. వద్దనుకున్నవారు పోగొట్టుకునేది ఏమీ లేదు.

అసలు లోపం నిధుల్లో ఉంది. 2018 వ్యవసాయ చట్టం ఇలాంటి ప్రోత్సాహకాలకు ఐదేళ్లకు సుమారు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. స్నాప్ మీద ఒక్క 2024లోనే సుమారు 10,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అంటే ఏడాది లెక్కన వంద డాలర్లకు ఐదు సెంట్లు. అదీ గ్రాంటుల రూపంలో, సంస్థలు తమ వాటా తెచ్చుకుంటేనే. రాష్ట్ర నిధులతో నడిచే పథకాలకూ ఇదే గతి. మసాచుసెట్స్ 2017లో మొదలుపెట్టిన పథకంలో కుటుంబాన్ని బట్టి నెలకు 40 నుంచి 80 డాలర్ల దాకా తిరిగి వచ్చేవి. జనం ఉత్సాహంగా కొనడంతో 2018 వసంతంలోనే నిధులు అడుగంటి పథకం కొంతకాలం ఆగింది. 2024 డిసెంబరులో పరిమితిని అందరికీ 20 డాలర్లకు కుదించారు. జనాదరణే పథకానికి శిక్షగా మారిందన్నమాట. కొనేవారు ఆ నెలకు సర్దుకుంటారేమో గానీ, విత్తనం వేసిన రైతు ఏంచేయాలి? గిరాకీ ఉంటుందన్న నమ్మకంతో నెలల ముందే మడి దున్నుతాడు కదా!

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ ఏర్పాటుకు కావలసిన సరంజామా చాలావరకు ఉంది. 1999 నుంచి రైతుబజార్లున్నాయి, పేద కుటుంబాల్లో చాలావాటికి రేషన్ కార్డుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, వంద గ్రాముల పళ్లు కావాలి. కార్డు మీద వచ్చే బియ్యం ఆ లోటు తీర్చదు. రైతుబజారులో ధర తక్కువే అయినా, కూలి దొరకని రోజున ఆ తక్కువ ధర కూడా బరువే. అవినీతి జరుగుతుందన్న భయం సహజం. దొంగ బిల్లులు రాకుండా రైతు గుర్తింపు కార్డునూ, కొనేవారి రేషన్ కార్డునూ తూకం దగ్గరే జతచేయవచ్చు. ముందుగా ఒకటి రెండు పట్టణాల్లో, హాంప్‌డెన్‌లోలా లాటరీ తీసి, ఏడాది పాటు చేసి చూడాలి. ఆ ఏడాదికి కావలసిన మొత్తాన్ని మొదటి రోజే విడిగా జమచేసి, నారు పోసే వేళకే రైతులకు ఆ సంగతి చెప్పాలి.