డైపర్ వేస్తేనే వెళ్తానంటే

మా మేనకోడలికి అప్పుడు రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఉచ్చ వస్తే తనే బాత్‌రూముకి పరుగెత్తేది, లాగు తనే దించుకునేది. రెంటికి మాత్రం అమ్మ దగ్గరికి వచ్చి "డైపర్ వెయ్యి" అనేది. వేశాక హాల్లో కర్టెన్ వెనక్కి వెళ్ళి, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడేది. కాసేపటికి ఇవతలికి వచ్చి "అయిపోయింది" అని చెప్పేది. డైపర్ వెయ్యకపోతే రెండు రోజులైనా, మూడు రోజులైనా ఆపేసుకునేది. మొండిఘటం అన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. బళ్ళో వేసే వేళకి ఎలాగని మా చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ పిల్ల చేస్తున్న పనిని కాస్త నిదానంగా చూడండి. వస్తున్నదని ముందే తెలుస్తోంది. డైపర్ తొడిగేదాకా ఆపుకోగలుగుతోంది. తను ఎంచుకున్న చోటికి వెళ్ళి, తను అనుకున్నప్పుడు వదులుతోంది. అయ్యాక చెబుతోంది కూడా. శరీరం నేర్వవలసిన విద్య దాదాపు అంతా వచ్చేసినట్టే. రానిదల్లా కూర్చుని, డైపర్ లేకుండా వదలడం ఒక్కటే. పిల్లలకి ఆపుకోవడం నేర్పుతున్నామని మనం అనుకుంటాం. మొండికేసే పిల్లల్లో చాలామందికి ఆపుకోవడం అవసరానికి మించి వచ్చు.

అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి దాదాపు 20 సార్లు ఉచ్చ పోస్తుంది. వయసుతోపాటు మూత్రాశయం పెరుగుతుంది. పిల్లల వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే అది పట్టే మూత్రం మిల్లీలీటర్లలో ఉజ్జాయింపుగా వస్తుంది. రెండేళ్ళ పిల్లకి 90, అంటే చిన్న టీ గ్లాసుడు. మూత్రానికైనా మలానికైనా శరీరంలో రెండేసి తలుపులున్నాయి. లోపలి వలయ కండరం మన మాట వినదు. బయటిది మన చెప్పుచేతల్లో ఉంటుంది. రెండో ఏడు, మూడో ఏడు నడుస్తుండగా మెదడుకీ ఈ బయటి కండరానికీ పొత్తు కుదురుతుంది.

మెలిక ఇక్కడే ఉంది. బయటి తలుపు మామూలుగా మూసే ఉంటుంది. దాన్ని తెరవాలంటే కండరాన్ని సడలించాలి. చెయ్యి ఎత్తమంటే ఎత్తొచ్చు, కాలు కదపమంటే కదపొచ్చు. భయంతో ఉన్నప్పుడు కండరాన్ని సడలించమంటే పెద్దవాళ్ళకే చేతకాదు. "ఊఁ, త్వరగా కానీ" అని పక్కన నిలబడి గద్దిస్తే పిల్ల ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది.

మలం విషయంలో ఇంకో కండరం కూడా ఉంది, పేరు ప్యూబోరెక్టాలిస్. పేగు చివరి భాగమైన పురీషనాళం చుట్టూ ఉయ్యాల తాడులా తిరిగి, దాన్ని ముందుకి లాగి పట్టుకుంటుంది. నీళ్ళ పైపుని మడిచి పట్టుకుంటే ధార ఆగిపోయినట్టు, ఈ వంపు దగ్గర మలం ఆగుతుంది. గొంతుకూర్చున్నప్పుడు తాడు వదులై వంపు తిన్నబడుతుంది. ఎత్తైన కమోడ్ మీద పిల్లని కూర్చోబెడితే కాళ్ళు గాల్లో వేలాడతాయి, పడిపోతానేమోనని చేతులతో అంచు పట్టుకుంటుంది. ఆ స్థితిలో ఆ తాడు వదులవ్వడం కష్టం.

ఇక అసలు సంగతి, నొప్పి. జ్వరం వచ్చి తిండి సరిగ్గా తినకో, ఊరెళ్ళినప్పుడు నీళ్ళు తాగకో, అన్నం తగ్గి పాలు ఎక్కువయ్యో ఒకరోజు మలం గట్టిపడుతుంది. వెళ్ళేటప్పుడు మంట పుడుతుంది. పిల్లకి ఆ ఒక్కసారి చాలు. మర్నాడు వస్తున్నట్టనిపించగానే బిగబడుతుంది. పెద్దపేగు చేసే పనుల్లో ఒకటి మలంలోంచి నీరు పీల్చుకోవడం. ఎంతసేపు ఆపితే అంత నీరు పోతుంది, అంత గట్టిపడుతుంది. తర్వాతిసారి నొప్పి ఇంకా ఎక్కువ. నొప్పి భయాన్నీ, భయం బిగింపునీ, బిగింపు మళ్ళీ నొప్పినీ పెంచుతూ పోతాయి.

పిల్ల మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు ఒకదానికొకటి అడ్డం వేసి, మొహం ఎర్రబడేలా బిగపడితే "పాపం, ముక్కుతోంది" అనుకుంటాం. చాలాసార్లు అది బయటికి రాకుండా ఆపుతున్న భంగిమ. ఇది తెలియక ఎన్ని ఇళ్ళలో పిల్లలు దెబ్బలు తిన్నారో తలుచుకుంటే బాధేస్తుంది. ఇలా నెలల తరబడి సాగితే పురీషనాళం సాగిపోతుంది. సాగిన పేగు నిండినా కబురు పంపదు. గట్టి ముద్ద పక్కనుంచి పల్చటి మలం కారి లాగు పాడవుతుంది. తల్లిదండ్రులు విరేచనాలనుకుని వాటిని ఆపే మందు పడతారు, లేదా కావాలనే చేసిందని తిడతారు. పిల్లకి కారినట్టు కూడా తెలియదు.

1997లో బ్రూస్ టాబ్‌మన్ అనే అమెరికా పిల్లల వైద్యుడు 482 మంది పిల్లల్ని గమనించి రాసిన పరిశోధనలో, ఉచ్చకి టాయిలెట్ వాడుతూ రెంటికి మాత్రం కనీసం నెలపాటు నిరాకరించినవాళ్ళు 22 శాతం దాకా ఉన్నారు. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు. మా మేనకోడలు వింత పిల్లేమీ కాదన్నమాట. 2003లో ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్ళూ కొందరు తల్లిదండ్రులకి ఒక చిన్న సలహా ఇచ్చి చూశారు: మలం గురించి అసహ్యపు మాటలు అనొద్దు, అలవాటు చెయ్యడం మొదలుపెట్టకముందే డైపర్‌లో వెళ్ళినా మెచ్చుకోండి. మొరాయించేవాళ్ళ సంఖ్య తగ్గలేదు, మొరాయించే కాలం తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్ళే గుర్తొచ్చాయి. చాలా ఇళ్ళలో పిల్లలకి దానికి మనం నేర్పే మొదటి పేరే "ఛీ ఛీ".

ఏ వయసులో మొదలుపెట్టాలన్నదాని మీద లోకం ఎప్పుడూ ఒక్క మాట మీద లేదు. అమెరికా ప్రభుత్వం తల్లుల కోసం అచ్చువేసిన 'ఇన్‌ఫంట్ కేర్' పుస్తకం 1929 కూర్పు ఎనిమిదో నెలకల్లా మలవిసర్జన అలవాటు పూర్తవ్వాలంది. 1962లో బెర్రీ బ్రేజల్టన్ అనే వైద్యుడు, తాను పదేళ్ళపాటు చూసిన 1,170 మంది పిల్లల వివరాలతో దానికి ఎదురుమాట చెప్పాడు. ఏడాదిన్నర వయసులో పాటీ కుర్చీ చూపించి, బట్టలతోనే కూర్చోనిచ్చి, బలవంతం లేకుండా పిల్ల దారినే వెళ్తే సగటున 28.5 నెలలకి పగటిపూట అలవాటు కుదిరింది. ఇటు తూర్పు ఆఫ్రికాలోని డిగో తల్లుల మీద 1977లో వచ్చిన పరిశీలన ఇంకోటి చెప్పింది. వాళ్ళు మొదటి వారాల్లోనే మొదలుపెడతారు. నేలమీద కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మధ్య పెట్టుకుని "షూస్" అంటారు. ఐదారు నెలలకి పిల్లలు పగలూ రాత్రీ పొడిగా ఉంటారు.

మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని, పాదాల మీద బిడ్డని గొంతుకూర్చోబెట్టి "ఉస్స్" అనడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. ఆ బిడ్డకి వదలడమంటే మొదటినుంచీ మోకాళ్ళు మడిచి, అమ్మ కాళ్ళని ఆనుకుని కూర్చోవడమే. పుట్టినప్పటినుంచీ డైపర్‌లోనే పెరిగిన బిడ్డకి వదలడమంటే నిలబడి, నడుం చుట్టూ మెత్తటి బిగువుతో. మొదటిది గొప్పదని నేననను. అందుకు రోజంతా పక్కనే ఉండే మనిషి కావాలి. డైపర్ అడిగే పిల్ల మాత్రం తనకి అలవాటైన దారినే అడుగుతోందని నా నమ్మకం.

అందుకే మొదట టాయిలెట్ గొడవ పక్కన పెట్టాలి. మలం మెత్తబడాలి. పాలు రోజుకి అర లీటరు దాటకుండా చూసి నీళ్ళు, బొప్పాయి, జామ, ఆకుకూరపప్పు పెంచడం మంచిదే. ముదిరిన మలబద్ధకానికి అవి మాత్రమే చాలవు. పిల్లల డాక్టరు లాక్టులోజ్ గానీ పాలీఇథిలీన్ గ్లైకాల్ గానీ రాస్తారు. అవి నీటిని మలంలోనే పట్టి ఉంచుతాయి. పేగు వాటికి అలవాటు పడిపోతుందని భయపడి వారానికే మానెయ్యకండి. సాగిన పేగు మామూలయ్యేందుకు నెలలు పడుతుంది. ఆముదం పేగుని మెలిపెట్టి తోస్తుంది. మలద్వారంలో పెట్టే తమలపాకు కాడ, సబ్బుముక్క ఉన్న భయాన్ని పెంచుతాయి. మలంలో రక్తం, పొట్ట ఉబ్బడం, వాంతులు, బరువు పెరగకపోవడం ఉంటే ఆగకుండా చూపించాలి. అలవాటు కుదిరిన పిల్ల ఉన్నట్టుండి విపరీతంగా నీళ్ళు తాగుతూ మళ్ళీ తడుపుకుంటుంటే ఆ రోజే రక్తంలో చక్కెర చూపించండి.

రాత్రి పక్క తడపడం వేరే లెక్క. అయిదేళ్ళ లోపు దాన్ని జబ్బనరు. తల్లిదండ్రుల్లో ఒకరు చిన్నప్పుడు తడిపినా పిల్లలకి ఆ అవకాశం బాగా పెరుగుతుంది.

మా మేనకోడలికి మందు మూడు నెలలు వాడారు. నొప్పి పోయింది, డైపర్ అడగడం పోలేదు. అడిగినప్పుడల్లా వేశారు, బాత్‌రూములో నిలబడాలన్నదే షరతు. పది రోజులయ్యాక డైపర్‌తోనే కమోడ్ మీద చిన్న సీటులో కూర్చోబెట్టారు, పాదాల కింద మా అమ్మ పీట వేసి. అన్నం తిన్న పావుగంటకి కూర్చోబెట్టేవారు, కడుపు నిండగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది గనక. తర్వాత డైపర్ కింద కత్తెరతో చిన్న కన్నం చేశారు. వారం వారం అది పెద్దదైంది. ఒకనాడు ఆ మిగిలిన పీలికని తనే విప్పి పక్కన పెట్టి, పీట మీద కాళ్ళు ఆన్చి కూర్చుంది. వాళ్ళమ్మని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వెయ్యమంది.