ఫ్రెండ్ ఇంట్లో హార్డ్‌డిస్క్ ఉండగా క్లౌడ్‌కి నెలనెలా కట్టాలా?

ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియోకి దగ్గర్లో ఉండే నా ఫ్రెండ్ అసిస్టెంట్ ఎడిటర్. సొంతంగా తీసిన షార్ట్ ఫిల్మ్ ఫుటేజ్ 500 జీబీ, అదంతా ఒకే ఒక్క ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో. క్లౌడ్‌కి నెలనెలా కట్టలేనన్నాడు. "నా పీసీలో పెట్టుకోరా" అంటే మాత్రం ఆలోచనలో పడ్డాడు. 2013లో ‘అత్తారింటికి దారేది’ రిలీజ్‌కి ముందే దాదాపు 90 నిమిషాలు నెట్‌లోకి వచ్చేసిన సంగతి ఆ ఏరియాలో అంత తేలిగ్గా మర్చిపోరు మరి.

వాడి భయం కరెక్టే. పీర్-టు-పీర్ బ్యాకప్‌లో మొదట తేల్చుకోవాల్సింది అదే. ఫైల్ మీ ల్యాప్‌టాప్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ అయిపోవాలి, తాళం మీ దగ్గరే ఉండాలి. మేం వాడిన రెస్టిక్ ఫ్రీ, ఓపెన్ సోర్స్. ఫైల్‌ని ముక్కలు చేసి, ఏఈఎస్-256తో లాక్ చేసి పంపుతుంది. నా డిస్క్‌లో నాకు కనిపించేది అర్థంకాని పేర్లున్న ఫైల్సే. పాస్‌వర్డ్ పోతే మాత్రం వాడికీ అంతే సంగతులు! అందుకే కాగితం మీద రాయించి బీరువాలో పెట్టించాను.

సింక్ యాప్ ఒక్కటే సరిపోదా అని అడుగుతారు. సింక్‌లో ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. రెస్టిక్ ఏ రోజు కాపీ ఆ రోజుదిగా దాస్తుంది, మారిన ముక్కలే కొత్తగా పంపుతుంది.

రెండు ఇళ్లనీ టెయిల్‌స్కేల్‌తో కలిపాం. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో 500 జీబీ వెళ్లాలంటే దాదాపు 28 గంటలు. అందుకే మొదటి కాపీకి నా డిస్క్‌నే బైక్ మీద వాడింటికి తీసుకెళ్లా. ఒక్క రాత్రిలో పనైపోయింది.

స్టోర్జ్ లాంటి పెద్ద నెట్‌వర్క్‌లు దీన్నే ఇంకో మెట్టు ఎక్కించాయి. దాని డిజైన్‌లో ఒకప్పుడు ఫైల్‌ని 80 ముక్కలుగా వేర్వేరు కంప్యూటర్లలో పెట్టేవారు, వాటిలో ఏ 29 దొరికినా ఫైల్ మొత్తం తిరిగొచ్చేది. అంటే 51 మెషీన్లు ఆగిపోయినా భయం ఉండేది కాదు. మా దగ్గర ఉన్నది ఒక్కటే మెషీన్, నాది.

ఆ తేడా త్వరగానే తెలిసొచ్చింది. ఒక శుక్రవారం రాత్రి వాడు పొరపాటున ఒక రోజు షూట్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి ఫోన్ చేశాడు. నేనేమో ఊరెళ్తూ పీసీ ఆఫ్ చేసి వచ్చా. తప్పు పూర్తిగా నాదే. సోమవారం పొద్దున దిగగానే ఆన్ చేశాను, మధ్యాహ్నానికి ఒక్క క్లిప్ కూడా తగ్గకుండా అన్నీ వచ్చేశాయి. ఆ రెండు రోజులూ వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు మూడో కాపీ విజయవాడలో వాళ్ల అక్క ఇంటికి వెళ్తోంది. ఈసారి బైక్ లేదు, నాలుగు రోజులుగా అప్‌లోడ్ నడుస్తూనే ఉంది.